ఆంటీ గ్యారేజిలో రంపం

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆదివారం పొద్దున వాళ్ళమ్మాయి వచ్చి మా తలుపు కొట్టింది. షెఫీల్డ్‌లో డాక్టరు. వారాంతానికి తల్లిని చూసి పోదామని వచ్చింది. ఒంటిమీద కోటు లేదు, కాళ్ళకు చెప్పులు లేవు, ఉన్ని మేజోళ్ళతోనే మంచులో నడిచి వచ్చేసింది. "మమ్..." అంది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "గ్యారేజిలోనా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నో, నో. బెడ్‌లోనే. నిద్రలోనే పోయింది. కాఫీ తీసుకెళ్ళాను. షి వాజ్ సో కోల్డ్."

ముందు నాకు ఊపిరి తిరిగింది. ఏడుపు తర్వాత వచ్చింది. అంత మంచి మనిషి పోయిందని వింటూనే 'హమ్మయ్య' అనుకోవడం ఎలాంటి మనసుకి సాధ్యమవుతుందో చదివేవాళ్ళకి తెలియాలంటే, ఆవిడ గురించి, ఆ గ్యారేజి గురించి, అందులో ఉన్న రంపపు మిషను గురించి చెప్పాలి.

ఆంటీది కాకినాడ. చిన్న వయసులోనే కోవెంట్రీ వచ్చి, ఇక్కడి పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరుగా రిటైరయ్యేదాకా పనిచేశారు. భర్త కార్ల ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే విభాగంలో ఇంజనీరు. మేము ఈ వీధికి వచ్చేసరికే ఆయన పోయారు. మాది కరీంనగర్. నాదీ నా భార్యదీ ఆఫీసు ఉద్యోగాలు. మేము సామాన్లు దించుకుంటున్న రోజున ఫెన్సు మీదుగా ఒక చెయ్యి వచ్చింది, చేతిలో పులిహోర గిన్నె. గిన్నె వెనకాలే మాట కూడా వచ్చింది. "చెత్తకి బ్రౌన్ బిన్ను ఈ వారం, బ్లూ బిన్ను పై వారం. తప్పుది పెడితే కౌన్సిల్ వాళ్ళు ముట్టుకోరు. గిన్నె తిరిగివ్వడానికి తొందరేం లేదు."

ఆవిడకొక అలవాటుండేది. ఎవరితో మాట్లాడుతున్నా చూపు ఎదుటి మనిషి మొహం మీదే ఉండేది కాదు, కాసేపటికి ఛాతీ మీదికి దిగేది. మొదట్లో నా భార్యకి అది ఇబ్బందిగా ఉండేది. తర్వాత తెలిసింది, ఆవిడ మన ఊపిరి చూస్తున్నారని. జీవితమంతా స్పృహలేని మనుషుల పక్కన కూర్చుని వాళ్ళ ఊపిరి కాపలా కాసిన కళ్ళవి. మా అమ్మ ఇక్కడికొచ్చి జ్వరపడినప్పుడు జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరక్క మేము ఫోన్ పట్టుకుని కూర్చుంటే, ఆంటీ వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నారు. మందు ఇవ్వలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. సాయంత్రం దాకా అమ్మ దుప్పటి లేచి పడడం చూస్తూ కూర్చుని, "ఇక భయం లేదు, నిద్రపోనివ్వండి" అని లేచి వెళ్ళిపోయారు.

ఇంత జాగ్రత్త మనిషి ఆ రంపం దగ్గరికి ఎందుకు వెళ్ళేవారో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఆ మిషను భర్తది. పోత ఇనుప బల్ల, దాని మధ్య సన్నని సందు, సందులోంచి సగం పైకి లేచిన గుండ్రటి బ్లేడు. ఆకుపచ్చ రంగు పెచ్చులూడి, కింద బెల్టు, ఒక పక్క ఇత్తడి పిడి ఉన్న స్విచ్చు. ఆ స్విచ్చు ఎటు వేస్తే అటే ఉండిపోతుంది. ఇప్పటి మిషన్లలో కరెంటు పోతే స్విచ్చు దానంతటదే పడిపోతుందట. తిరిగి కరెంటు వచ్చినా మనం నొక్కితే తప్ప తిరగదట. దీనికి అలాంటి తెలివి లేదు.

"మమ్, ఇట్స్ ఎ డెత్ ట్రాప్" అని కూతురు వచ్చినప్పుడల్లా మొత్తుకునేది. "చూద్దాంలేవే" అనేవారు ఆంటీ.

రిటైరయ్యాక ఆవిడ పీటలు చెయ్యడం మొదలుపెట్టారు. ఇక్కడ తెలుగువాళ్ళింట్లో వ్రతమైనా, అక్షరాభ్యాసమైనా, పెళ్ళయినా పీట దొరకదు. ప్లాస్టిక్ స్టూలు మీద తువ్వాలు పరిచి కానిచ్చేస్తారు. "మోకాళ్ళ ఎత్తున కూర్చుంటే దేవుడు మాట వింటాడేంటయ్యా?" అని నవ్వి, కూలగొట్టిన ఇళ్ళ తలుపులు, పాత బీరువాలు తెచ్చుకుని కోసేవారు. గాజులు తీసి స్టీలు డబ్బాలో వేసి, భర్త ఫ్యాక్టరీలో తొడుక్కున్న నీలం ఓవరాల్ వేసుకుని, కళ్ళజోడు మీద ఇంకో పెద్ద కళ్ళజోడు పెట్టుకుని, అప్పుడు దాని దగ్గరికి వెళ్ళేవారు.

మా వంటింటి గోడకి అవతలే ఆ గ్యారేజి. రంపం మొదలైతే మా కప్పులూ సాసర్లూ గలగలలాడేవి. ఆ శబ్దానికి నేను భయపడేవాణ్ణి కాదు, అది ఆగినప్పుడు భయపడేవాణ్ణి. చేతిలో పని వదిలేసి గోడకేసి చూస్తూ నిలబడేవాణ్ణి. అవతలినించి దగ్గో, చెక్క కింద పెట్టిన చప్పుడో, ఏదో ఒకటి వినబడేదాకా కదిలేవాణ్ణి కాదు. "నువ్వు గోడతోని ఏం మాట్లాడుతున్నవ్?" అని నా భార్య ఎగతాళి చేసేది. కొన్నాళ్ళకి తనూ నా పక్కన నిలబడి వినడం మొదలుపెట్టింది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ శబ్దం ఆగలేదు, గొంతు పిసికినట్టు మూలిగింది. ఒక పెద్ద మూలుగు, ఆ తర్వాత ఏదో తెగినట్టు చప్పుడు, తర్వాత ఏమీ లేదు. నేను గోడకేసి చూశాను. దగ్గు వినబడలేదు. చెక్క చప్పుడు వినబడలేదు. నా భార్య చేతిలో గరిటె అలాగే ఉంది.

"పో, జల్ది పో!" అంది.

ఇద్దరం పరిగెత్తాం. గ్యారేజి తలుపు సగం ఎత్తి ఉంది. ఆంటీ మిషను ముందు నిలబడి ఉన్నారు. రెండు చేతులూ పైకెత్తి, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు. నేను ముందు వేళ్ళు చూశాను. పదీ ఉన్నాయి.

"ఏం కాలేదు, కంగారుపడకండి" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "చెక్క కరిచేసింది."

అప్పుడే తెలిసింది నాకు, చెక్క కూడా కరుస్తుందని. ఆవిడ కోస్తున్నది ఏదో పాత బడి తలుపు, ఓక్ పలక. ఆసుపత్రిలో పనిచేసే ఒక తెలుగు నర్సమ్మాయి పెళ్ళికి పీటలు. ఎన్నో ఏళ్ళు బిగదీసుకుని ఉన్న పలక, మధ్యకి కోసేసరికి ఆ బిగువు సడలి, కోసిన రెండు పాయలూ వెనక్కి మూసుకుని బ్లేడుని పట్టేసుకున్నాయి. మోటారు తిరగబోయి తిరగలేక మూలిగింది. ఇంట్లో ఫ్యూజు పడిపోయింది, గ్యారేజిలో దీపం ఆరిపోయింది. కాలిన చెక్క వాసన ముక్కులో గుచ్చుకుంటోంది.

"బ్లేడు పాడయిపోయుంటుంది. తియ్యాలి. నట్టు బిగుసుకుపోయిందంటే నా బలం చాలదు. నీకు టైముందా బాబూ?"

లేదని చెప్పాలనిపించింది. ఉందన్నాను. ఆవిడ నా భార్యవైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టమ్మా. ఇక్కడ నిలబడి చూస్తే గుండె దడ తప్ప ఏం లాభం?" అన్నారు. గ్యారేజిలోంచే వంటింట్లోకి తలుపుంది. నా భార్య వెళ్ళింది.

"ఫ్యూజు పడింది గద ఆంటీ, కరెంటు లేదు" అన్నాను నేను, ధైర్యం తెచ్చుకోవడానికి.

"ఫ్యూజుని నమ్మకూడదు. ప్లగ్గు పీకాలి." ఆవిడ గోడవారగా నిలబెట్టిన పలకల వెనక్కి చెయ్యి పోనిచ్చి, తడిమి, ఒక ప్లగ్గు లాగి నాకు చూపించారు. నల్ల తీగ, తెల్ల ప్లగ్గు. "చూడు. స్విచ్చు ఇంకా ఆన్ లోనే ఉంది, అయినా తిరగడం లేదు. ఇక ఇది చచ్చినట్టే."

ఆ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో నాకు లెక్కలేదు.

కోసిన సందులోకి సన్నటి చెక్కముక్క దిగ్గొట్టి పాయలు విడదీశాం. పలక బయటికొచ్చింది. బ్లేడు మీద నీలంగా, నెమలి మెడ మీద మెరుపులాంటి మచ్చ, అంత వేడెక్కింది. నట్టు బల్ల కింద, బ్లేడు మధ్యలో ఉంటుంది. సందు చుట్టూ ఉన్న ఇనుప రేకు తీసేస్తే చెయ్యి లోపలికి పడుతుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని పానా పట్టించాను. మామూలు నట్లకు వ్యతిరేకం, దీన్ని బ్లేడు తిరిగే వైపే తిప్పాలన్నారు ఆంటీ. తిప్పాను. బ్లేడు కూడా దానితోపాటే తిరిగింది. ఆవిడ బ్లేడు పళ్ళకి అడ్డంగా ఒక చెక్కదిమ్మ పెట్టారు. జారిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ జారింది. నాకు విసుగొచ్చింది. దగ్గర్లో తోలు గ్లౌజు కనబడితే ఎడమచేతికి తొడుక్కుని, బ్లేడుని చేత్తోనే పట్టుకున్నాను.

ఆంటీ నా చేతి మీద చాచి కొట్టారు. మా అమ్మ కూడా అలా కొట్టలేదు నన్ను.

"చెయ్యి తియ్! చెయ్యి కాదు, చెక్క! ఎప్పుడూ చెక్కే!"

"కరెంటు లేదు గద ఆంటీ..."

"లేకపోతే మాత్రం? చెయ్యి తియ్యమన్నానా!"

తీశాను. ఆవిడ దిమ్మని మళ్ళీ పళ్ళకి ఆనించి, బల్ల అంచుకి గట్టిగా ఇరికించి, తన చేతులు వెనక్కి తీసుకున్నారు. నేను రెండు చేతులతో పానా పట్టుకుని లాగాను.

దీపం వెలిగింది.

ఏమవుతోందో తెలిసేలోపలే నేను లాగుతున్న వైపే పానా నన్ను లాక్కుపోయింది. కీచుమని ఒక అరుపు, అది బెల్టుదో, ఆంటీదో, నాదో చెప్పలేను. చెక్కదిమ్మ పేలిపోయింది. పానా నా చేతుల్లోంచి ఊడి, నా చెవి పక్కనుంచి వెళ్ళి, వెనకాల రంగుడబ్బాకి తగిలింది. నేను వెల్లకిలా పడ్డాను. నా కళ్ళ ఎదురుగా, ఒక్క క్షణం కిందట నా ఎడమ చెయ్యి ఉన్నచోట, పళ్ళు కనబడని వేగంతో బ్లేడు తిరుగుతోంది. వంకరపోయి, ఊగుతూ, ఇనుప బల్లని గీరుతూ నిప్పురవ్వలు రాలుస్తోంది.

ఆంటీ బల్ల మీదుగా వంగి స్విచ్చు మీద అరచెయ్యి వేసి కొట్టారు.

అది ఆగడానికి చాలాసేపు పట్టింది. దాని వేగం తగ్గుతూ తగ్గుతూ, ఒక్కో పన్నూ విడివిడిగా కనబడడం మొదలై, చివరికి నిలిచింది. నా బొటనవేలి చర్మం లేచి నెత్తురు వస్తోంది. అంతే. ఇంకేమీ లేదు. వేళ్ళు ముడిచి చూశాను, తెరిచి చూశాను, మళ్ళీ ముడిచాను.

వంటింటి తలుపు తెరుచుకుంది. ఖాళీ కప్పుల ట్రే పట్టుకుని నా భార్య, మిషను బాగయిందనుకుందేమో, నవ్వుతూ. "కెటిల్ నడుస్తలేదని చూస్తే స్విచ్ కిందికి పడి ఉన్నది. నేనే పైకి ఎక్కించిన. మన ఇంట్ల లెక్కనే మెట్ల కిందనే ఉంది..."

నన్ను చూసింది. నెత్తురు చూసింది. బల్ల చుట్టూ చెల్లాచెదరైన చెక్కముక్కలు చూసింది. కప్పులు ట్రేలో కదలడం మొదలుపెట్టాయి.

"నేనేనా?" అంది. "నేను ఎక్కించినందుకేనా?"

నేనేదో చెప్పబోయాను. ఆంటీ నాకంటే ముందు మాట్లాడారు. ఆవిడ పలకల వెనక్కి వెళ్ళి, ఇందాక పీకిన ప్లగ్గు తీగని చేత్తో పట్టుకుని లాగుతూ వచ్చారు. తీగ రెండో కొస మిషను దగ్గరికి రాలేదు, మూలనున్న పొట్టు పీల్చే గొట్టం మిషను దగ్గరికి పోయింది. రెండిటికీ ఒకే రకం తీగ, పక్కపక్కనే ప్లగ్గులు.

"తప్పు నాదమ్మా," అన్నారు. "నేను వేరే ప్లగ్గు పీకాను. ఇది చచ్చిందని చెప్పి మీ ఆయన్ని దాని నోట్లో చెయ్యి పెట్టనిచ్చాను. నువ్వు టీ పెట్టడానికి వెళ్ళావు, నేనే పంపాను. నీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు. నా తప్పే, పూర్తిగా."

అలా చెప్పి ఆవిడ నేలమీద చతికిలబడ్డారు. అప్పుడు చూశాను ఆవిడ చేతులు. వేలాదిమందిని నిద్రపుచ్చి తిరిగి లేపిన చేతులు. ఒళ్ళో పెట్టుకున్నా ఆగడం లేదు.

ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేసి తనే చెప్పారని తర్వాత తెలిసింది. ఎంత చిన్నది చేసి చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు. మరెప్పుడో ఆ మాటే అడిగితే ఆవిడన్నారు, "తప్పు వేడి మీదుండగానే వడ్డించెయ్యాలి బాబూ. చల్లారిందంటే గడ్డకడుతుంది, ఇక గొంతులోంచి రాదు. ఆపరేషన్ థియేటర్లో నేర్చుకున్నది అదొక్కటే."

నర్సమ్మాయి పెళ్ళిలో వధూవరులు మా ఇంటి కాఫీ బల్లల మీద కూర్చున్నారు. ఆంటీ పెళ్ళికి రాలేదు.

మా ఇంట్లో భయం మకాం వేసింది. "నువ్వింక ఆ గ్యారేజిల కాలు పెట్టొద్దు" అంది నా భార్య. అది నా గురించి కాదని మెల్లగా తెలిసింది. తను కెటిల్ ముట్టుకోవడం మానేసింది, టీ నేనే పెట్టేవాణ్ణి. గదిలో లైటు వెయ్యాలన్నా ఒకసారి వెనక్కి తిరిగి, నేనెక్కడున్నానో, నా చేతులెక్కడున్నాయో చూసుకుని వేసేది. "నీ తప్పు లేదని ఆంటీ చెప్పింది గద" అంటే, "చెప్పింది. కని వేలు నాదే గద" అనేది. ఆంటీ మీద కోపం కూడా ఉండేది. ఫెన్సు దగ్గర ఆవిడ కనబడితే బట్టలు ఆరెయ్యకుండానే లోపలికి వచ్చేసేది.

గోడ అవతల ఏ శబ్దమూ లేదు. నేను కోరుకున్న నిశ్శబ్దమే, కానీ అలవాటు పడలేకపోయాను.

చలి విరిగి, పగళ్ళు పొడుగయ్యాక ఒక పొద్దున ఆంటీ మా తలుపు ముందు నిలబడ్డారు. చిక్కిపోయారు. లోపలికి రమ్మన్నా గడప దాటలేదు. నాకోసం రాలేదు, నా భార్యని పిలిచారు.

"అమ్మాయ్, నీ సాయం కావాలి."

నా భార్య చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆ బ్లేడు అలాగే ఇరుక్కుని ఉంది. టార్చి వేసి చూశాను, పన్ను మొదట్లో వెంట్రుకంత బీట ఉంది. మళ్ళీ తిరిగితే ఎగిరిపడుతుంది. పాత సామాన్లవాళ్ళు మిషను పట్టుకెళ్తామన్నారు కానీ బ్లేడు తీసిస్తేనే తీసుకుంటామన్నారు. రిపేరు చేసేవాళ్ళు ఇంత పాతది ముట్టుకోమన్నారు. నాకా వయసైపోయింది. నేను పోయాక ఎవరో వస్తారు, ఏం తెలియకుండా స్విచ్చు వేస్తారు. ఆ ఆలోచనతో నిద్ర పట్టడం లేదు."

"మళ్ల ఆయన్నే చెయ్యి పెట్టమంటరా?" అంది నా భార్య. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"పెట్టమంటాను. నాకు బలం లేదు. కానీ ఆయన్ని అడిగే ముందు నిన్ను అడగాలి. నువ్వు ప్లగ్గు పట్టుకుంటానంటేనే."

"నేనా?"

"నువ్వే. నన్ను నేను నమ్మను ఇంక. భయం తెలిసిన మనిషి కావాలి నాకు. థియేటర్లో కూడా అంతే, భయం లేనివాణ్ణి నేనెప్పుడూ పక్కన నిలబెట్టుకోలేదు."

నా భార్య కట్టుకున్న చేతులు విప్పి చూసుకుంది. "నాకు చేతులు వణుకుతయ్ ఆంటీ" అంది చివరికి.

"వణకనీ. వణికే చెయ్యే గట్టిగా పట్టుకుంటుంది."

ముగ్గురం వెళ్ళాం. ఆంటీ ముందు మెట్ల కింద స్విచ్చు దించారు. తర్వాత గ్యారేజిలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ వయసులో, ఆ చల్లటి సిమెంటు మీద. మిషను కడుపులోంచి వచ్చే తీగని వేళ్ళతో పట్టుకుని, పలకలు ఒక్కొక్కటీ పక్కకి నెట్టిస్తూ, తీగని వదలకుండా పాకుతూ గోడదాకా వెళ్ళారు. ప్లగ్గు లాగారు. దాన్ని పట్టుకుని మళ్ళీ తీగ వెంబడే మిషను దాకా వచ్చారు. నన్నూ అలాగే తడిమి చూడమన్నారు. నా భార్యనీ చూడమన్నారు. ముగ్గురం ఒకే తీగని తడిమాక, ప్లగ్గు తీసుకొచ్చి నా భార్య చేతిలో పెట్టారు.

"ఇది నీ గుప్పిట్లో ఉన్నంతసేపూ మీ ఆయన వేళ్ళు ఆయనవే."

నేను వంగి చెయ్యి లోపల పెట్టాలి. పెట్టలేకపోయాను. అంతా తెలుసు, ప్లగ్గు కళ్ళముందే ఉంది, అయినా నా మోచెయ్యి వంగనంది. చెమట కళ్ళలోకి దిగింది. ఆంటీ తొందరపెట్టలేదు. నా పక్కన కూర్చుని నా ఛాతీకేసి చూస్తున్నారు. "ఊపిరి వదులు. నువ్వు బిగబట్టావు. ఆ, వదులు. ఇంకోసారి." మత్తు ఇచ్చేముందు మనుషులతో ఈ గొంతుతోనే మాట్లాడి ఉంటారు. "ఇప్పుడు పెట్టు."

పెట్టాను. కొత్త చెక్కదిమ్మని ఈసారి బల్లకి బిగించేశారు. నట్టు మీద ముందురోజే నూనె పోసి ఉంచారట. పానా పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి పొడుగు చేశారు. లాగాను. కదల్లేదు. ఇద్దరం లాగాం. కదల్లేదు. ఇంకోసారి, నా బరువంతా దాని మీద వేసి లాగేసరికి, ఎముక విరిగినట్టు ఠప్పుమంది.

ముగ్గురం ఒకేసారి కేకపెట్టాం. నేను చెయ్యి వెనక్కి లాక్కుని గుండెకి అదుముకున్నాను. దీపం వెలగలేదు. ఏదీ తిరగలేదు. నట్టు వదులైంది, అంతే.

ఆంటీ దాన్ని వేళ్ళతో తిప్పి తీశారు. బ్లేడుని గోనెగుడ్డతో పట్టి పైకెత్తారు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఆ బీట నాకూ కనబడింది, సన్నటి గీత. దాన్ని గుడ్డలో చుట్టి తాడుతో కట్టేశారు.

నా భార్య ఇంకా ప్లగ్గు వదల్లేదు. "అయిపోయిందమ్మా" అన్నారు ఆంటీ. విన్నట్టు లేదు. గుప్పిట తెరుచుకోవడం లేదు. ఆంటీ పక్కన కూర్చుని, ఒక్కో వేలూ నెమ్మదిగా విడదీశారు. ప్లగ్గు కాళ్ళు అరచేతిలో ఎర్రగా అచ్చుపడ్డాయి. అప్పుడు నా భార్య ఏడ్చింది. ఆంటీ భుజం మీద తల పెట్టి, ఆ నీలం ఓవరాల్ తడిసిపోయేలా ఏడ్చింది. ఆంటీ వీపు నిమురుతూ కూర్చున్నారు.

ఆ తర్వాత మా ముగ్గురికీ టీ పెట్టింది నా భార్యే.

మిషనుని పాత సామాన్లవాళ్ళు పట్టుకుపోయారు. ఆంటీ చేతిరంపం కొనుక్కున్నారు. ఒక పీటకి ఎన్నో రోజులు పట్టేది. గోడ అవతల నుంచి సర్రు... సర్రు... అని మెల్లగా వినబడేది. ఆదివారాలు నా భార్య వెళ్ళి పలకకి రెండో వైపు పట్టుకునేది. ఏం మాట్లాడుకునేవారో, ఇద్దరి నవ్వులూ మా వంటింట్లోకి వచ్చేవి. అయినా ఆ సర్రుమనే శబ్దం ఆగిన ప్రతిసారీ నా చెవులు నిక్కబొడుచుకునేవి. ఈ సంగతి తెలిసి ఆవిడ నవ్వలేదు. రంపం ఆపినప్పుడల్లా గోడమీద పిడికిలితో రెండుసార్లు తట్టడం మొదలుపెట్టారు. బాగానే ఉన్నానని. ఒక మనిషి భయాన్ని మరొకరు ఇంతగా లెక్కచెయ్యడం నేను మళ్ళీ చూడలేదు.

అందుకే ఆదివారం పొద్దున నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. మంచంలో, నిద్రలో పోయారు అనగానే, ఆవిడ ఒళ్ళు ఎక్కడా తెగలేదని, నెత్తురు లేదని, భయపడే వ్యవధి కూడా లేకుండా వెళ్ళిపోయారని తెలిసి ముందు ఊపిరి వదిలాను. అంత్యక్రియలకి ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసినవాళ్ళు చాలామంది వచ్చారు. ఒక ముసలి సర్జను మాతో, "ఆవిడ పేషెంటు తలవైపు కూర్చుంటే నాకు ధైర్యంగా ఉండేది" అన్నాడు. నా భార్య తన అరచెయ్యి చూసుకుంది.

నిన్న వాళ్ళమ్మాయి ఇల్లు సర్దుతూ నన్ను పిలిచింది. "గ్యారేజ్‌లోకి ఒంటరిగా వెళ్ళలేను. విల్ యు కమ్?" ఇద్దరం తలుపు సగం ఎత్తాం. ఎవరమూ లోపలికి అడుగు పెట్టలేదు. పనిబల్ల ముందు నేలమీద చెక్కపొట్టు పల్చగా పరుచుకుని ఉంది. శనివారం కోసినదై ఉంటుంది, ఇంకా ఊడ్వలేదు. అందులో రెండు చిన్న పాదాల గుర్తులు, పక్కపక్కనే, బల్లవైపు తిరిగి. బయట గాలి లేచింది. అంచున కొంచెం పొట్టు కదిలింది. తలుపు ఇంకాస్త ఎత్తితే చెదిరిపోతాయేమోనని, దాన్ని అలాగే చేతులతో పట్టుకుని ఇద్దరం చలిలో నిలబడ్డాం.